ఓడల పరుగును కొలుచు విధము

కొన్ని నెలల క్రిందట ఉదయపు ప్రసారములో మేము రెండు సంఖ్యలను వెంటవెంటనే చదివితిమి. భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు మహిళాధికారులు ‘తారిణి’ అను తెరచాప నావపై భూగోళమును చుట్టి వచ్చుటకు 254 దినములు పట్టినదనునది మొదటిది. ఫ్రాన్సు దేశపు నావికుడు ఫ్రాన్సిస్ జ్వాయోన్, ఐదుగురు సహచరులతో ‘ఇడెక్ స్పోర్ట్’ అను నావపై 2017 జనవరిలో అదే భూగోళమును 40 దినముల 23 గంటల 30 నిమిషములలో చుట్టెననునది రెండవది. ఈ రెంటి నడుమ మేము వివరణగా ఒక్క మాటయైనను చెప్పలేదు. వ్యవధి లేదు, వెంటనే వాతావరణ సూచన చదువవలసియుండెను.

వారము తిరుగకముందే అమరాపురము నుండి ఒక జాబు వచ్చెను. ఆ ఊరు హిందూపురమునకు పడమర, మడకశిర దాటిన పిమ్మట, కన్నడ దేశపు టెల్లలో నున్నది. వక్కతోటల సీమ. తూర్పు సముద్రము అచటికి రెండువందల మైళ్లకు పైబడిన దూరము. పడమటి సముద్రమే కొంత దగ్గర. జాబు వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు. తాము ఓడ ఎన్నడును ఎక్కలేదనియు, మదరాసులో ఒక్కమారు ఒడ్డున నిలిచి చూచినంతమాత్రమే తమకు సముద్రముతో పరిచయమనియు ముందే చెప్పుకొనిరి. ఆపైన ఇట్లు వ్రాసిరి: ‘అయ్యా, మీరు చదివినది విని నా మనుమరాలు, మనవాళ్లు అంత నిదానమా తాతా, అని అడిగినది. నాకు జవాబు తోచలేదు. మా చిన్ననాడు ఇచటినుండి వక్కబస్తాల బండి హిందూపురము చేరుటకు రెండు రాత్రులు పట్టెడిది. నేడు మోటారు సైకిలు రెండు గంటలలో పోవుచున్నది. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన చదివి, ఎడ్లు సోమరులని పిల్లలకు చెప్పవచ్చునా?’

చెప్పరాదు. తప్పు మాదే. ఆ జాబునకు ప్రత్యుత్తరముగా సిద్ధము చేసిన ప్రసంగ పాఠమిది. ఆ ప్రశ్న ఇంచుమించు రెండు వేల ఏండ్ల నాటి ప్రశ్నయనియు, మన తూర్పు సముద్రమును గూర్చియు అది వ్రాతకెక్కినదనియు మాకు జాబు చదివిన తరువాతనే స్ఫురించెను.

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోము నగరమున ప్లీనీ అను పండితుడు ప్రకృతి చరిత్రమను ఒక మహా గ్రంథమును కూర్చెను. అందులో సింహళ ద్వీపమును వర్ణించుచు, గంగాతీరపు ప్రాచ్య దేశమునుండి ఆ ద్వీపమునకు పూర్వము 20 దినముల ప్రయాణమనియు, అప్పటి నావలు రెల్లుతో కట్టినవగుటచే అంత కాలము పట్టెననియు, తమ ఓడల పరుగును బట్టి లెక్కించిన అది 7 దినముల దారి యేననియు చెప్పెను. వంగ సముద్రమున రెండు రకముల నావల వేగమును పోల్చి చెప్పిన పాత వ్రాతలలో ఇది యొకటి. ఆ దారి పొడవునను కుడిచేతి వైపున ఉన్నది మన కళింగాంధ్ర తీరమే.

ప్లీనీ చెప్పిన పోలిక మొదట వినుటకు స్పష్టముగానే యున్నది. రెల్లు నావకు 20, కొయ్య ఓడకు 7. కాని ఏ ఋతువున? ఏ గాలిలో? ఎంత బరువుతో? రేయింబవళ్లు నడచెనా, లేక ప్రొద్దు గ్రుంకిన వెంటనే ఒడ్డున లంగరు దించెనా? ఈ సంగతులు అందులో లేవు. అవి లేనిదే 20కిని 7కిని గల భేదములో ఎంత భాగము నావదో, ఎంత భాగము గాలిదో తేల్చుటకు వీలులేదు.

దీనికి ప్రక్కన మరియొక సంఖ్యను ఉంచి చూతము. అయిదవ శతాబ్ది ప్రారంభమున చైనా భిక్షువు ఫాహియాన్ తామ్రలిప్తిలో ఒక పెద్ద వర్తకపు ఓడ నెక్కెను. శీతకాలము తొలినాళ్లు, గాలి అనుకూలము. రాత్రియు పగలును నడచి 14 దినములకు సింహళము చేరితిమని ఆయన వ్రాసెను. చూడుడు, ఈ బాటసారి ఋతువును చెప్పెను, గాలిని చెప్పెను, రాత్రులందును ఆగలేదని చెప్పెను. తామ్రలిప్తి నుండి సింహళమునకు సూటిగా సుమారు 900 నాటికల్ మైళ్లు. 14 దినములకు 336 గంటలు. అనగా గంటకు 3 మైళ్లకు లోపే. మంచి గాలిలో పెద్ద ఓడకు ఇది చాల తక్కువవలె తోచును. అయితే ఆ ఓడ సూటిగా పోయెనా, మన తీరమును కనిపెట్టుకొని వంపులు తిరిగి పోయెనా? వంపులు తిరిగినయెడల నిజముగా నడచిన దూరము హెచ్చు, కనుక నిజమైన వేగమును హెచ్చు.

ఈ చిక్కును గ్రహించినవాడు రెండవ శతాబ్దపు టాలమీ. ఆయన భూగోళ పటమును గీయదలచెను. సముద్రపు దూరములను కొలుచుటకు ఆయనకు ముఖ్యమైన ఆధారము నావికుల మాట. ఆయనకు ముందు మరీనస్ అను భూగోళ శాస్త్రవేత్త, పలూర అను రేవునుండి ఆవలి తీరమున నున్న సద అను చోటికి 13,000 స్టేడియములని లెక్క కట్టియుండెను. పలూర కళింగ తీరమున గంజాము ప్రాంతములోనిదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. టాలమీ ఆ సంఖ్యను ఉన్నదున్నట్లు స్వీకరింపలేదు. ఓడ త్రాటివలె సూటిగా పోవునది కాదు గదా, దారి వంకరకు మూడవ వంతు తీసివేయవలెనని చెప్పి, దానిని సుమారు 8,670 కి తగ్గించెను. ఆ మూడవ వంతు సరియైనదా కాదా అనునది వేరు మాట. నడచిన దారి వేరు, లెక్కకు వచ్చు దారి వేరు అను వివేకము మాత్రము అప్పుడే కలిగినది. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మనవి. ఇడెక్ స్పోర్ట్ లెక్కలో దీనితో మరల పని పడును.

ఇక మన సముద్రమున తిరిగిన నావికులు వేగమునెట్లు చెప్పుకొనిరి? పదునైదవ శతాబ్దిలో అరబ్బు నావిక శాస్త్రమునకు పెద్దదిక్కైన ఇబ్ను మాజిద్ గ్రంథములలో దూరములు ‘జామ్’ అను మానముతో చెప్పబడినవి. ఒక జామ్ అనగా మూడు గంటల ఓడ ప్రయాణము. రేయింబవళ్లు కలిపి ఎనిమిది జాములు. ఇది మన యామమే, మన జామే యని పలువురు పండితులు తలంచుచున్నారు. ఇంటిలో కోడి కూసిన జామును లెక్కించు మాటయే సముద్రము మీద దూరమునకు కొలత యగుట ఎంత ముచ్చటగా నున్నది! అయితే ఇందులో ఒక మెలిక గలదు. జాము దూరమన్నప్పుడు, మామూలు ఓడ, మామూలు గాలిలో అని ముందే ఒప్పుకొన్నట్లు. వేగమును కొలుచుట కాదది. వేగము ఒకటేయని అనుకొని దూరమును చెప్పుట. రేవు ఎప్పుడు చేరుదుమని తెలిసికొనుటకు అది చాలును. రెండు ఓడలలో ఏది మిన్నయో తేల్చుటకు చాలదు.

వేగమునే కొలుచు సాధనము ఐరోపాలో పదునారవ శతాబ్దిలో కానవచ్చుచున్నది. ఇంగ్లండులో విలియం బోర్న్ అనునతడు 1574లో అచ్చువేసిన నావిక గ్రంథములో దాని వర్ణన గలదు. పనిముట్టు మిక్కిలి సామాన్యము. ఒక చిన్న కొయ్యపలకకు పొడవైన త్రాడు కట్టి, ఓడ వెనుకభాగము నుండి నీటిలోనికి విడుతురు. పలక నీటిలో నిలిచిపోవును, ఓడ ముందుకు సాగును, త్రాడు విడిపోవుచుండును. త్రాటికి సమదూరమున ముడులుండును. ఇసుక గడియారములో ఇసుక జారిపోవులోపల ఎన్ని ముడులు చేతిలోనుండి జారెనో అన్ని ‘నాట్లు’. నాట్ అనగా ముడియే. తరువాతి కాలమున నాటికల్ మైలు పొడవు సరిగా తేలిన పిమ్మట, 28 సెకండ్ల ఇసుకకు 47 అడుగుల 3 అంగుళముల చొప్పున ముడులు వేసిరి. గంటలో 28 సెకండ్లు ఎన్నవ వంతో, నాటికల్ మైలులో ఆ త్రాటి ముక్కయు అన్నవ వంతే. నేడును ఓడల వేగము, విమానముల వేగము, తుపాను గాలుల వేగము నాట్లలోనే చెప్పబడుచున్నవి. ఆ త్రాడు మాత్రము చూడనలవి కాదు.

ఈ త్రాటిముడికిని ఒక దోషము కలదు. అది నీటిని బట్టి ఓడ వేగమును చెప్పునే గాని, నేలను బట్టి చెప్పదు. నీరే కదలుచున్నచో? మన తూర్పు తీరము వెంబడి సముద్ర ప్రవాహము ఏడాదిలో దిక్కు మార్చుకొనును. ఫిబ్రవరి మొదలు మే వరకు ఉత్తరముగా, అక్టోబరు నుండి డిసెంబరు వరకు దక్షిణముగా ప్రవహించును. గంటకు మైలుకు మించిన వడితో పోవు దినములును గలవు. ఒకే ఓడ, ఒకే గాలి, త్రాటిపై అవే నాలుగు ముడులు. అయినను మచిలీపట్నము నుండి విశాఖకు మార్చిలో చేరు కాలము ఒకటి, నవంబరులో చేరు కాలము మరియొకటి.

మచిలీపట్నము పేరు వచ్చినది గనుక అచట కొంత నిలువవలెను. వంగ సముద్రమున ఓడలు నిలుచుటకు ఇంతకన్న మంచి చోటు లేదనియు, పెగు, సయాము, అరకాను మొదలు మక్కా, హోర్ముజుల వరకు ఇచటినుండి ఓడలు పోవుచున్నవనియు పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే వ్రాసెను. ఆ వర్తకులకు ఓడ వేగముకన్న ఓడ బయలుదేరు తేదీ ముఖ్యము. పదునారవ శతాబ్దిలో ఈ తీరమునకు వచ్చిన ఇటలీ వర్తకుడు చేజరె ఫెదెరీచి, శాంథోము నుండి పెగు పోవు ఓడ సెప్టెంబరు నడిమికి ముందే లంగరెత్తవలెనని హెచ్చరించెను. గాలి మారినచో ఎంత చురుకైన ఓడయైనను ఆ ఏడు రేవులోనే పడియుండవలసినదే. నాలుగు నాట్ల ఓడ సకాలమునకు బయలుదేరిన, ఆరు నాట్ల ఓడ పదిదినములు ఆలసించిన, ముందు చేరునది ఏదో అమరాపురపు చిన్నారికి సైతము తెలియును.

మన వడ్రంగులు ఓడలు కట్టిన తీరును ఈ దృష్టితోనే చూడవలెను. గోదావరి మొగకు చేరువనున్న నరసాపురము, మాధవాయపాలెము రేవులలో పదునేడవ శతాబ్దిలో ఆంగ్లేయులు సైతము ఓడలు కట్టించుకొనిరి. అచట మంచి కలప, ఇనుము, నేర్పరులైన పనివారు లభించుట 1670 ప్రాంతములలో ఈ తీరమున తిరిగిన థామస్ బౌరీ గమనించెను. తరువాతి కాలపు కోరంగి దోనెను గూర్చి జాన్ ఎడై అను ఆంగ్ల నౌకా నిర్మాణాధికారి 1834లో లండను రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసెను. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు, అడుగు చదునైనది. పొడవునకు మూడున్నరవ వంతు వెడల్పు! పరుగు పందెమునకు ఎవ్వరును ఇట్టి నావను కట్టరు. కాని గోదావరి మొగలో ఇసుకమేటలు మాటిమాటికి స్థానము మార్చుచుండును. లోతైన అడుగుగల వడిగల ఓడ సముద్రము మీద ఎంత మెరుపై పోయినను, ఆ మేటపై కూరుకొనిపోవును. చదునైన అడుగుగల దోనె నిండు సరుకుతో నదిలోపలికి వచ్చును, బురదపై కూర్చుండినను ఒరగదు. ఈ దోనెను సమకాలికమైన ఆంగ్ల యుద్ధనౌకతో నాట్లలో పోల్చి నిదానమనుట తేలిక. గోదావరి మొగను దాటుటలో పోల్చిన ఏమగును?

మచిలీ నావ అనబడు మసూలా పడవ సంగతియు ఇంతే. దాని పలకలను మేకులతో గాక కొబ్బరి పీచు త్రాటితో కుట్టెడివారు. ఒడ్డున విరుగు కెరటము దానిని ఇసుకపై పడవేసినప్పుడు కుట్టు వంగునే గాని పలక పగులదు. ఐరోపా వారి పడవలు అదే కెరటములో ముక్కలగుటచే, పెద్ద పెద్ద ఓడల కప్తానులు సరుకును మనుష్యులను మసూలా పడవలకే అప్పగించిరి. ఒడ్డు నుండి ఓడ వరకే దాని ప్రయాణము. ఆ కొలది దూరమునకు దానిని మించినది లేదు.

ఓడ చేరుట యెంత గొప్ప సంగతియో తెలుపు శాసనమొకటి మోటుపల్లిలో గలదు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చెను. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనెడివారనియు, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేదియు తీసికొననని ఆయన ప్రకటించెను. కృష్ణదేవరాయలు సైతము ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున రేవులను బాగుచేయవలెననియు, గాలివానకు మన ఒడ్డున దిగిన పరదేశి నావికులను ఆదరింపవలెననియు చెప్పెను. పెనుగొండ కోటలో మెలగిన రాయల గుఱ్ఱములలో ఎన్నో సముద్రము దాటి వచ్చినవే. ఆ గుఱ్ఱము ప్రాణముతో దిగినదా అనునదే వారు అడిగిన ప్రశ్న. ఎన్ని దినములలో దిగినదని కాదు.

ఓడలు ఒకదానితో ఒకటి పందెము పరుగెత్తిన కాలము పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము. చైనా తేయాకును లండనుకు ముందుగా చేర్చిన ఓడకు బహుమతి యుండెడిది. 1866లో ఫూచౌ రేవు నుండి మే నెల చివరి మూడు దినములలో బయలుదేరిన ఓడలలో మూడు, 99 దినముల తరువాత సెప్టెంబరు 6వ తేదీన ఒకే పోటులో థేమ్సు నదిని ప్రవేశించెను. ఓడలన్నియు ఇంచుమించు ఒక తరగతివి, సరుకు ఒకటి, దారి ఒకటి, ఋతువు ఒకటి. ఇంతకన్న న్యాయమైన పోలిక దొరకదు. అయినను ఏమి జరిగెను? ఇంగ్లండు తీరమున మొదట కనబడి జెండా చూపినది ‘ఏరియల్’. రేవులో మొదట లంగరు దించినది ‘టైపింగ్’, 28 నిమిషముల తేడాతో. నదిలో లాగిన ఆవిరి పడవల బలము, రేవు తలుపు వద్ద నీటి లోతు, ఇవి టైపింగునకు కలిసివచ్చెను. గెలుపు గీత తీరముననా, రేవులోనా? తేల్చుకొనలేక యజమానులు బహుమతిని పంచుకొనిరి. 14,000 మైళ్లు నడచిన పిమ్మట గీత ఎచట గీయవలెనన్నది తెలియక పోవుట మాకు ఎంతయో నచ్చిన సంగతి.

అదే కాలపు మరియొక విచిత్రము. 1854 డిసెంబరులో ‘ఛాంపియన్ ఆఫ్ ది సీస్’ అను ఓడ దక్షిణ హిందూ మహాసముద్రమున ఒక మధ్యాహ్నము నుండి మరునాటి మధ్యాహ్నమునకు 465 నాటికల్ మైళ్లు నడచెను. నూట ముప్పది ఏండ్ల పాటు, అనగా 1984 వరకు, ఏ తెరచాప నావయు ఒక దినములో అంత దూరము పోయినట్లు లేదు. అయితే ఓడ తూర్పుగా పోవుచుండెను. తూర్పుగా పోవువానికి మధ్యాహ్నము ముందే వచ్చును. ఆ ‘దినము’ నిజమునకు 23 గంటల 17 నిమిషములే! ఇచట లెక్క సవరించిన కొలది ఓడ కీర్తి పెరుగుచున్నది.

ఆవిరి ఓడలు వచ్చి ఈ పందెములకు తెర దించెను. మన కోరంగియు అప్పుడే వెనుకబడెను. 1789 డిసెంబరులోను 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని నేలమట్టము చేసెను. పిదప ఇసుకమేట, కాకినాడ పెరుగుదల, ఆవిరి. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచిన పిలుపులో మాత్రము ఆ రేవు చాలకాలము నిలిచినది.

తెరచాప బ్రతుకుతెరువు కాక వినోదమైన తరువాత కొలతలు మరింత పదునెక్కెను. 1972లో తెరచాప నావల వేగమునకు అంతర్జాతీయ నియమములు ఏర్పడినవి. 500 మీటర్ల గీటును ఎంత కాలములో దాటునో చూచి సగటు వేగమును నిర్ణయింతురు. ఆ ఏడు ఇంగ్లండులో ‘క్రాస్‌బో’ అను నావ 26.30 నాట్ల వేగము నందుకొనెను. 2012 నవంబరులో నమీబియా తీరమున పాల్ లార్సన్ నడిపిన ‘సెయిల్‌రాకెట్ 2’ 65.45 నాట్లు, అనగా గంటకు 121 కిలోమీటర్లు పరుగెత్తెను. 500 మీటర్లకు పట్టినది 15 సెకండ్లకు లోపు. అద్భుతమే. కాని ఆ నావకు గాలిని ఒక్క వైపునుండియే తీసికొను నిర్మాణము. పోయిన దారినే తెరచాపతో తిరిగి రాలేదు. భూగోళమును చుట్టుట మాట అటుంచుడు, హుసేను సాగరమును చుట్టుటకు సైతము అది పనికిరాదు.

హుసేను సాగరమనిన జ్ఞప్తికి వచ్చినది. 1562లో కట్టిన ఆ చెరువులో నేడు తెరచాప పందెములు జరుగుచున్నవి. పిల్లలు నడుపు డబ్బావంటి చిన్న ‘ఆప్టిమిస్టు’లును, పెద్దవారు నడుపు ‘లేజరు’లును అచట చూడవచ్చును. సాధారణముగా ఏ తరగతి పందెము ఆ తరగతికే. వేర్వేరు తరగతులను ఒకే పందెమున దింపవలసి వచ్చినచో నేమి చేయవలెను? ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ ప్రాంతమున 1947లో దీనికొక ఉపాయము కనిపెట్టిరి. ఎన్నో పందెముల ఫలితములను చూచి ప్రతి తరగతికి ఒక అంకె నిర్ణయింతురు. లేజరునకు సుమారు 1100, ఆప్టిమిస్టునకు సుమారు 1640. అనగా లేజరు 1100 సెకండ్లలో పోవు దూరమునకు ఆప్టిమిస్టు 1640 సెకండ్లు తీసికొనుట సహజమని అర్థము. పందెములో పట్టిన కాలమును ఆ అంకెచే భాగించి చూచిన, నావ సంగతి తీసివేయబడి నడిపినవారి నేర్పు మిగులును. ఆప్టిమిస్టులోని పిల్లవాడు 1600 సెకండ్లలో వచ్చి, లేజరులోని పెద్దమనిషి 1090 సెకండ్లలో వచ్చినచో, గెలిచినది పిల్లవాడు. ఈ పద్ధతి మా ఉపాధ్యాయుల వారి ఎడ్లబండికిని మోటారు సైకిలుకును ఇంచుమించు సరిపోవును.

ఇక మేము చదివిన రెండు సంఖ్యలకు వత్తము.

ఇడెక్ స్పోర్ట్ మూడు సన్నని కాయములు గల నావ, పొడవు 31.5 మీటర్లు. రికార్డు కొరకే కట్టి, రికార్డు కొరకే నడిపిరి. ఎచటను ఆగలేదు. మంచి గాలి వరుస దొరకువరకు ఒడ్డున కాచుకొని యుండి, అది దొరకిన పిదపనే బయలుదేరిరి. దానికి లెక్కకు వచ్చు దారి 22,461 నాటికల్ మైళ్లు. ఆ ప్రకారము సగటు 22.84 నాట్లు. గాలిని వెదకుచు అది నిజముగా నడచిన దారి 26,412 మైళ్లు. ఆ ప్రకారము 26.85 నాట్లు. ఒకే నావ, ఒకే యాత్ర, రెండు వేగములు! టాలమీ తీసివేసిన వంకరయే ఇది.

తారిణి గోవాలో కట్టిన 55 అడుగుల ఒంటి కాయపు నావ. ఇడెక్ పొడవులో సగమునకు కొంచెము హెచ్చు. ఒంటి కాయము నీటిని త్రోయుచు పోవునప్పుడు తాను లేపిన అలలోనే చిక్కుకొనును. నీటిని తాకు పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34 చే గుణించిన, దాని సహజమైన హద్దు నాట్లలో వచ్చునని నావికుల స్థూలగణితము. నీటిని తాకు పొడవు 49 అడుగులనుకొన్న, వర్గమూలము 7. హద్దు 9 నాట్ల చిల్లర. మూడు సన్నని కాయముల నావ ఆ అలను కోసికొని పోవును గాన దానికి ఈ హద్దు వర్తింపదు.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన తారిణిలో వర్తికా జోషి నాయకురాలు. ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, మన విశాఖపట్నపు పి. స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య తక్కినవారు. ఫ్రీమాంటిల్, లిటెల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌను రేవులలో ఆగుట యాత్రలో భాగము. తిరుగుదారిలో చుక్కాని యంత్రము చెడుటచే మారిషసులోని పోర్ట్ లూయీలో అనుకోని మజిలీ. 254 దినములలో సముద్రము మీద గడచినవి 199. తక్కిన 55 రేవులవి. మేము ఆ 55ను కూడ నావ నడకలోనే వేసి చదివితిమి.

ప్రకటితమైన దూరము 21,600 నాటికల్ మైళ్లు. 199 దినములతో భాగించిన 4.5 నాట్లు వచ్చును. ఈ 21,600 అను సంఖ్యను ఒకమారు పరికింపవలెను: 360 డిగ్రీలను 60 నిమిషములచే గుణించిన వచ్చునదిదే. భూమి చుట్టుకొలతయే. భూప్రదక్షిణమని పిలువబడుటకు కావలసిన కనీసపు దారియు ఇదే. గాలికి వంపులు తిరిగిన నావ అడుగు ఇంతకు తగ్గి యుండదు, హెచ్చియే యుండును. కనుక 4.5 అనునది తక్కువలో తక్కువ.

దీనిని దేనితో పోల్చవలెను? 1969లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒంటరిగా, ఎచటను ఆగక, మొట్టమొదటిసారిగా భూమిని చుట్టివచ్చెను. ఆయన నావ ‘సుహేలి’ బొంబాయిలో మన టేకుతో కట్టినది, 32 అడుగులు. 312 దినములు, 30,123 మైళ్లు, సగటు 4.02 నాట్లు. ఆ వేగముతో ఆయన పందెము గెలిచెను, ఎవ్వరును నిదానమనలేదు. తారిణికి మరింత దగ్గరి పోలిక తారిణియే. 2024 అక్టోబరు 2 నుండి 2025 మే 29 వరకు అదే నావపై దిల్నా, రూప అను ఇద్దరు అధికారిణులు భూమిని చుట్టివచ్చిరి. నావ ఒకటి, దారి ఇంచుమించు ఒకటి. మొదట ఆరుగురు, పిదప ఇద్దరు. ఈ రెండు యాత్రలను ప్రక్కప్రక్కన చదివియుండిన మాకు జాబు వచ్చెడిది కాదు.

మా తప్పును సవరించు ప్రకటనను ఇట్లు సిద్ధము చేసితిమి: ‘తారిణి, 55 అడుగుల ఒంటి కాయపు నావ, ఆరుగురితో, ఐదు మజిలీలతో, సముద్రము మీద 199 దినములు. ఇడెక్ స్పోర్ట్, 31.5 మీటర్ల మూడు కాయముల నావ, ఆరుగురితో, మజిలీ లేక, దాదాపు 41 దినములు.’ చదువుటకు 20 సెకండ్లు పట్టుచున్నది. ఉదయపు ప్రసారములో వాతావరణ సూచనకు ముందే చదువుటకు ఏర్పాటు చేయబడినది. తేదీని, సమయమును అమరాపురమునకు జాబుద్వారా తెలియజేసితిమి. చిన్నారిని కూడ రేడియో దగ్గర కూర్చుండబెట్టవలసినదిగా అందులో కోరితిమి.